చకోర కూలిన వాలు

ఫిబ్రవరి 11

తవ్వి తెచ్చిన మట్టిలో మంచు మళ్ళీ తగ్గింది. నిరుడు ఈ రోజుల్లో ఒక బండి మట్టిని కాచితే పెద్ద ట్యాంకు మూడో వంతు నిండేది. ఇప్పుడు అడుగు తడిసి ఊరుకుంటోంది. జల్లెళ్ళు మార్చాను. ఆవిరి గొట్టాలు విప్పి దులిపాను. మీటరు తప్పు చూపిస్తోందేమోనని దాన్నీ విప్పి చూశాను. లోపం యంత్రాల్లో లేదు. గొయ్యి అయిపోతోంది.

శీతలిలో నీళ్ళ బాధ్యత నాది కాబట్టి ఈ దినచర్య రాయడమూ నా పనే. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర, ఏడాదిలో ఎక్కువ భాగం ఎండ తగిలే గట్టు మీద మా ఊరు ఉంది. నీళ్ళు మాత్రం ఎండ ఎన్నడూ చూడని లోయల అడుగున, మట్టిలో మంచుగా కలిసి ఉంటాయి. నూట నలభై మందికి తాగడానికీ, పంటకూ, చివరికి ఊపిరికీ ఆ మంచే ఆధారం.

స్నానం ఇకనుంచి పది రోజులకోసారి అని నోటీసు పెట్టాను. ఎవరూ గొడవ చేయలేదు. గొడవ చేసి ఉంటేనే బాగుండేది. వంటగదికి కూడా కోత పెట్టక తప్పదని చెప్పడానికి వకుళ దగ్గరికి వెళ్ళాను. వంటగదీ, దాని వెనక మొక్కలు పెంచే గదీ రెండూ ఆమె చేతిలోనే ఉన్నాయి. మడులకు నీళ్ళు తగ్గిస్తే వచ్చే నెల పప్పులోకి ఆకు ఉండదని, కత్తి పక్కన పెట్టకుండానే, నిదానంగా చెప్పింది. వాదించలేదు. నేనే కోత పెట్టకుండా తిరిగి వచ్చాను.

ఫిబ్రవరి 20

సర్వే బండి తెచ్చిన పటాలు మూడుసార్లు చూశాం. దగ్గర్లో మంచి మంచు ఒక్కచోటే ఉంది. అది అయిదుగురి వాలు కింద.

ఇక్కడ ఎవరికీ ఆ పేరు విప్పి చెప్పక్కర్లేదు. అయినా రాస్తున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట చకోర అనే దిగుడు నౌక అయిదుగురితో శీతలికి వస్తూ దారి తప్పి, పక్కనున్న చీకటి లోయ వాలు మీద కూలింది. కమాండర్ వేణుధర్, ఇంజనీరు షకీలా, డాక్టరు మరియదాసు, భూగర్భ శాస్త్రవేత్త రుద్రమూర్తి, పైలట్ ఇందుమతి. దిగే ముందు ఇందుమతి యంత్రాన్ని పక్కన పెట్టి నౌకను తన చేతుల్లోకి తీసుకుంది. అలా చేయకపోతే క్షేమంగా దిగేవారని విచారణ తేల్చింది. రేడియో మూగబోయింది. ఆ లోయ చలికి అప్పటి బండ్లు తట్టుకోలేవు. అయిదుగురూ నేలను తాకిన క్షణంలోనే పోయారని ప్రకటించి, ఆ వాలు మీద ఎవరూ అడుగు పెట్టకూడదని నియమం పెట్టారు. మంచి బండ్లు వచ్చాక కూడా ఆ నియమం అలాగే ఉండిపోయింది.

ఏటా ఏప్రిల్ 19న పెద్ద హాల్లో అందరం నిలబడతాం. పైడిరాజు గారు ఆ ప్రకటన చదువుతారు. చకోర కూలినప్పుడు శీతలికి అధిపతి ఆయనే, అప్పుడు ఇక్కడ ఉన్నవాళ్ళు ఏడుగురే. ప్రకటనలో ఇందుమతి పేరు చివర వస్తుంది, "పైలట్ తప్పిదం వల్ల" అన్న మాట తర్వాత.

వకుళ ఇందుమతి కూతురు. ఇక్కడికి వచ్చి ఎనిమిదేళ్ళు. ఏప్రిల్ 19న ఒక్కసారి కూడా హాలుకు రాలేదు. వంట ఉందంటుంది.

ఫిబ్రవరి 26

సభ జరిగింది. కొత్త గొయ్యి లేకపోతే ఆగస్టు దాటి ఎంతమందిని నిలబెట్టగలనో చెప్పలేనని నేను చెప్పాను. కొందరిని భూమికి పంపేద్దామని ఒకరన్నారు. ఇక్కడే పుట్టిన పిల్లల ఎముకలు భూమి బరువు మోయలేవని, వాళ్ళను ఎలా పంపుతామని ఇంకొకరు అడిగారు. చాలాసేపు మాట్లాడి చివరికి ఒప్పుకున్నారు. ముందు అయిదుగురినీ గౌరవంగా పైకి తెచ్చి ఎండ తగిలే గట్టు మీద సమాధి చేయాలి. తవ్వకం ఆ తర్వాతే. భూమి మీది కుటుంబాలన్నీ కబురు అందుకుని సరే అన్నాయి.

సభ అయ్యాక వకుళ నా గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తేవడానికి నువ్వే వెళ్తున్నావా హైమక్కా?"

అవునన్నాను.

"నేనూ వస్తా."

అక్కడ ఏం చూడాల్సి వస్తుందో తెలియదని, బాగా ఆలోచించుకోమని చెప్పాను. ఒంగోల్లో అమ్మమ్మ దగ్గర పెరిగినన్నాళ్ళూ దాని గురించే ఆలోచించానని, ఇక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదని అంది. ఆమెకు బయట నడిచే సూటు శిక్షణ ఉంది. కాదనడానికి నాకు కారణం దొరకలేదు.

మార్చి 9

నలుగురం వెళ్ళాం. నేను, వకుళ, తవ్వకం పనివాళ్ళు ఇద్దరు. గట్టు దిగేసరికి ఎండ వెనకబడింది. ఆ తర్వాత బండి దీపాల వెలుగే. లోయలో నల్లటి మట్టి, దీపం పడిన మేర బూడిద రంగు. అంతే.

చకోర ఒక పక్కకు ఒరిగి ఉంది. రెండు కాళ్ళు విరిగి కింద నలిగాయి. తలుపు తెరిచి ఉంది. అది చూసి నేను బండి ఆపేశాను. కూలిన దెబ్బకు ఊడిందేమో అనుకున్నాను. వకుళ అప్పటికే దిగి దీపం నేల మీదికి వేసి చూస్తోంది.

"అక్కా, ఇక్కడ ఎవరో నడిచారు."

ఇక్కడ గాలి లేదు, వాన లేదు. అడుగు పడితే చెరిపేవాళ్ళు ఉండరు. తలుపు దగ్గర నుంచి జాడలు బయల్దేరాయి. నిన్న పడినంత స్పష్టంగా ఉన్నాయి. కుడి కాలి అడుగు పూర్తిగా దిగింది. దాని పక్కన ఎడమ కాలికి అడుగు లేదు, ఈడ్చిన గీత ఉంది. ఆ జాడల వెంట వెడల్పుగా ఇంకో చార, బరువైనదాన్ని లాగినట్టు.

జాడలు తొక్కకుండా పక్కగా నడవమని పనివాళ్ళకు చెప్పాను. కొంచెం దూరంలో నేల చదునుగా ఉన్నచోట నలుగురు వరసగా పడుకుని ఉన్నారు. సూట్ల మీద పేర్లు చదివాను. వేణుధర్. రుద్రమూర్తి. షకీలా. మరియదాసు. చేతులు ఒంటి పక్కన సర్ది ఉన్నాయి. నౌక గోడ నుంచి ఒలిచిన బంగారు రంగు రేకు ఒక్కొక్కరి ముఖం మీదా కప్పి ఉంది. రేకు అంచుల మీద రాళ్ళు పెట్టి ఉన్నాయి.

ఇందుమతే మనిషికి ఒకసారి చొప్పున లాక్కొచ్చింది. రేకు కోసం మళ్ళీ లోపలికి వెళ్ళింది. మధ్యలో రెండు చోట్ల కూలబడి లేచిన గుర్తులు ఉన్నాయి. అక్కడ చేతి అచ్చు కూడా ఉంది. ఇదంతా నాకు వకుళే చూపించింది. గొంతు మామూలుగానే ఉంది. కూరగాయల మడి చూపిస్తున్నట్టే చూపించింది.

ఆ వరస దగ్గర నుంచి ఒంటరి జాడ ఒకటి వాలు ఎక్కింది. దాని వెంట వెళ్ళాం. పైన ఒక బండరాయికి ఆనుకుని ఇందుమతి కూర్చుని ఉంది. ఎడమ కాలు వంకరగా ఉంది. ఒళ్ళో చేతి దీపం, వేలు దాని మీట మీదే ఉంది. ఆ రాతి దగ్గర నిలబడి తలెత్తి చూస్తే దూరంగా గట్టు మీద మా దీపస్తంభం కనిపించింది. లోయలో మరెక్కడి నుంచీ అది కనిపించదు. సూటు రేడియో అంత దూరం అందదు. దీపం అందుతుంది.

వకుళ తల్లి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. రేడియో ఆపేసి, తన శిరస్త్రాణాన్ని తల్లి శిరస్త్రాణానికి ఆనించింది. ఏదో మాట్లాడినట్టుంది. ఏమందో నాకు తెలియదు. అడగలేదు. మేము ముగ్గురం అటు తిరిగి నిలబడ్డాం.

తర్వాత రేడియో పెట్టి, ముందు ఆ నలుగురినీ ఎక్కిద్దామని, అమ్మను చివర తీసుకెళ్దామని అంది. అలాగే చేశాం. కదిపే ముందు ప్రతి జాడకూ ఫొటో తీశాం.

మార్చి 11

మా డాక్టరు అయిదుగురినీ చూసింది. నలుగురూ దెబ్బకే పోయారు, నొప్పి తెలిసి ఉండదు. ఇందుమతి కాలు రెండు చోట్ల విరిగింది. సూటు గాలి అయిపోవస్తుంటే నౌకలో మిగిలిన గాలి సీసాలు తెచ్చి మార్చుకుంది. ఒక రోజు పైనే బతికి ఉండాలని డాక్టరు అంచనా.

నౌకను చేతుల్లోకి ఎందుకు తీసుకుందో తెలిపేది ఏదీ దొరకలేదు. అదీ రాస్తున్నాను.

నీళ్ళ సంగతి: ట్యాంకులో మట్టం నిన్నటికంటే తగ్గింది. బట్టలు ఉతికే గదికి తాళం వేశాను.

మార్చి 12

పైడిరాజు గారికి మేమే చెప్పాలని వకుళ అంది. ఆయన ఇప్పుడు వైద్యశాల పక్క గదిలో ఉంటున్నారు. చూపు బాగానే ఉంది, మోకాళ్ళు పోయాయి. రోజూ ఆయనకు భోజనం తీసుకెళ్ళేది వకుళే. తన తల్లి గురించి వాళ్ళిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదట.

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఆయన మధ్యలో ఆపలేదు. ఫొటోలు ఒక్కొక్కటీ దగ్గరగా పెట్టుకుని చూశారు. బండరాయి ఫొటో దగ్గర ఆగారు.

"ఇక్కడి నుంచి మన దీపం కనిపిస్తాదా?"

కనిపిస్తుందన్నాను.

"అప్పుడు మాకు కిటికీల్లేవమ్మా," అన్నారు. "మట్టి కింద పాతుకుని ఉండేవోళ్ళం. ఎంత ఊపినా సూసేవోడు లేడు."

 తర్వాత వకుళ అడిగింది.

"వెళ్దామని అప్పుడు ఎవరైనా అన్నారా?"

"అన్నారు. ఇద్దరన్నారు. నానే వద్దన్నాను. ఉన్నది ఒక్క బండి. అది లోయలో ఆగిపోతే మిగిలినోళ్ళకి దిక్కు లేదు."

"వెళ్ళుంటే అందేదా?"

ఆయన ఆ ఫొటో మళ్ళీ చూశారు. "తిరిగొచ్చేదో లేదో సెప్పలేను. ఆయమ్మ దాకా మటుకు ఎల్లేది."

వకుళ ఏడవలేదు. ఆయన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. లేచి, ఫొటోలు సర్ది నా చేతికి ఇచ్చింది. తలుపు దగ్గర ఆగి, ఈసారి ఏప్రిల్‌లో చూసింది చూసినట్టు చదవమని ఆయన్ను అడిగింది. అమ్మ చేసిన పొరపాటు తీసేయొద్దంది. మీరు చేసింది కూడా దాచొద్దంది.

ఆ పూట నుంచి ఆయన భోజనం వేరేవాళ్ళు తీసుకెళ్తున్నారు.

మార్చి 20

గట్టు మీద అయిదుగురికీ సమాధులు చేశాం. చితి పెట్టడానికి ఇక్కడ గాలి లేదు కాబట్టి అందరికీ మట్టే. షకీలాకు భూమి వైపు ముఖం పెట్టమని వాళ్ళ ఇంటివాళ్ళు కోరారు. మరియదాసుకు మా లోహపు పనివాళ్ళు చిన్న సిలువ చేసి ఇచ్చారు. వకుళ తల్లి గుంతలో మూడు గుప్పిళ్ళ మట్టి వేసింది. ఇక్కడ మట్టి నెమ్మదిగా పడుతుంది. మూడో గుప్పిడి పూర్తిగా పడేదాకా చూసి, వెనక్కి తిరిగింది.

ఏప్రిల్ 3

భూమి మీది కార్యాలయం నుంచి కబురు వచ్చింది. కొత్త విచారణ వేస్తారట. అది ముగిసేదాకా ఏటా చదివే ప్రకటనే చదవాలని, దొరికిన వివరాలేవీ సభలో చెప్పకూడదని ఆదేశం. కుటుంబాలు కలత పడతాయని కారణం రాశారు.

పైడిరాజు గారికి చూపించాను. చదివి, మడిచి, దిండు కింద పెట్టుకున్నారు. విచారణ ఎన్నాళ్ళు పడుతుందని అడిగారు. మొదటి దానికి మూడేళ్ళు పట్టిందని గుర్తు చేశాను.

"నాకు డెబ్బై తొమ్మిదేళ్ళు," అన్నారు.

 ఆయన ఏం చేస్తారో నాకు అర్థం కాలేదు.

మరో సమస్య వచ్చింది. మంచు ఉన్నచోటికి తవ్వకం బండి చేరడానికి గట్టి నేల ఒకటే ఉంది. అది చకోర నుంచి బండరాయి దాకా, ఇందుమతి నడిచిన దారే. పక్కనంతా జారుడు మట్టి. చుట్టూ తిప్పి దారి వేయవచ్చు గానీ దానికి అయిదారు నెలలు పడుతుంది. మా దగ్గర అన్ని నెలల నీళ్ళు లేవు. ఇది వకుళకు చెప్పాలి. ఇవాళ చెప్పలేదు.

ఏప్రిల్ 5

చెప్పాను. వింది. పాలకూర కోస్తూ వింటున్నదల్లా కోయడం ఆపింది. ఆలోచించుకోవడానికి కొంత సమయం కావాలంది.

ఏప్రిల్ 19

హాలు నిండింది. భూమి మీది కుటుంబాలు తెరల్లో ఉన్నాయి. పైడిరాజు గారిని చక్రాల కుర్చీలో తెచ్చారు. వకుళ రాదనుకున్నాను. మొదలుపెట్టే ముందు వెనక తలుపు దగ్గర కనిపించింది, వంటగది దుస్తుల్లోనే.

పైడిరాజు గారి చేతిలో కాగితం లేదు. పాత ప్రకటన చదవనని ముందే చెప్పేశారు. అందులో ఒక మాట తప్పని, అది తప్పని ఇప్పుడు తెలిసిందని అన్నారు. అయిదుగురి పేర్లూ చెప్పారు. ఇందుమతి నౌకను చేతుల్లోకి తీసుకోవడం, అది కూలడం, నలుగురు పోవడం, ఆమె బతకడం, వాళ్ళను బయటికి తెచ్చి పడుకోబెట్టడం, రాతి దగ్గరికి ఎక్కి దీపం ఊపడం, మేము చూసిన వరసలోనే చెప్పారు. ఆయన అడిగినప్పుడల్లా నేను ఫొటోలు తెరల మీద పెట్టాను.

"బండి పంపకుండా ఆపింది నాను," అన్నారు చివర. "ఇదీ ఏటా సదవండి. నా తరవాత కూడా."

కార్యాలయం మనుషులు ప్రసారాన్ని ఆపేస్తారేమో అనుకున్నాను. ఆపలేదు.

కుటుంబాలు ఏమైనా మాట్లాడతాయా అని అడిగాను. గుంటూరు తెరలో ఉన్న పెద్దావిడ చెయ్యెత్తింది. షకీలా చెల్లెలు జుబేదా. ఇందుమతి కూతురు అక్కడ ఉందా అని అడిగింది. జనం పక్కకు జరిగారు. వకుళ ముందుకు వచ్చి నిలబడింది. మాట భూమికి వెళ్ళి తిరిగి రావడానికి రెండు మూడు క్షణాలు పడుతుంది. 

"మా అక్క ముఖం మీద ఆ రేకు కప్పింది మీ అమ్మేనా?"

"అవునండి."

"అంచుల మీద రాళ్ళు ఉన్నాయి ఫొటోలో."

"అవునండి. అమ్మే పెట్టింది."

"అక్కడ గాలి ఉండదంటారుగా?"

"ఉండదండి."

"మరి రాళ్ళెందుకు పెట్టింది?"

 "ఎగిరిపోకుండా అనుకుని ఉంటుందండి," అంది. "ఊళ్ళో అలాగే పెడతాం కదా."

ఈసారి రావలసిన సమయం దాటినా అటునుంచి మాట రాలేదు. జుబేదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. తర్వాత, మీ అమ్మమ్మ ఒకసారి మా గుమ్మం దాకా వచ్చిందని, లోపలికి రానివ్వలేదని అంది.

"తెలుసండి. నేను కూడా ఉన్నాను."

"చిన్నపిల్ల ఒకతి ఉంది. నువ్వేనా?"

"నేనే."

మీ అమ్మమ్మ ఇంకా ఉన్నారా అని జుబేదా అడిగింది. లేరని వకుళ చెప్పింది. అప్పుడు జుబేదా, మా అక్క సమాధి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా నా సలాం కూడా చెప్పమని అడిగింది. వకుళ తలూపింది. తలూపడం చాలదని తోచిందేమో, చెప్తానని పైకి కూడా అంది.

అందరూ వెళ్ళిపోయాక పైడిరాజు గారి కుర్చీ ఇంకా అక్కడే ఉంది. వకుళ ఆయన వైపు చూసింది. దగ్గరికి వెళ్ళలేదు. వంటగదికి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 22

పాలకూర మడుల్లో సగం ఎండబెట్టేశాం. ఉన్న నీళ్ళు తాగడానికే అట్టిపెట్టాను. పిల్లల గదిలో గాలి తేమ కూడా తగ్గించాం.

మధ్యాహ్నం వకుళ వచ్చి, తవ్వకం బండి ఎవరు నడుపుతారని అడిగింది. పనివాళ్ళ పేర్లు చెప్పాను. తనకు నేర్పమంది.

దారి వేరేగా వేద్దామని సభలో ఇంకోసారి అడిగి చూస్తానని అన్నాను. వద్దంది.

"ఫొటోలు ఉన్నాయిలే అక్కా. పిల్లలకి నీళ్ళు కావాలి. కాకపోతే ఆ అడుగుల మీద వేరే ఎవరైనా పోతే నాకు బాగుండదు. నేనే పోతా."

ఏప్రిల్ 26

మూడు రోజులు నేర్పాం. చెయ్యి బాగానే కుదిరింది. ఇవాళ దిగాం. నేను వెనక బండిలో ఉన్నాను. చకోరను పనివాళ్ళు ముందే పక్కకు జరిపారు. తలుపు ఉన్నచోట, మొదటి అడుగుల ముందు, వకుళ బండి ఆపింది. ఏమైనా ఇబ్బందా అని రేడియోలో అడిగాను. దీపాలు సరిచేసుకుంటున్నానని చెప్పింది. దీపాలు సరిగానే ఉన్నాయి. నేను తొందరపెట్టలేదు.

తర్వాత బండి కదిలింది. నలుగురిని పడుకోబెట్టిన చోటు దాటింది. వాలు ఎక్కింది. చక్రాల కింద కుడి అడుగులు, ఎడమ గీత, చేతి అచ్చులు ఒకదాని వెంట ఒకటి పోయాయి. బండరాయి ముందు చివరి అడుగు ఉంది. అక్కడ ఆగుతుందేమో అనుకుని నేను కూడా బండి నెమ్మది చేశాను.

ఆగలేదు.